బ్రాకెట్లను తొలగించిన తార్కికుడు: యాన్ వుకాషేవిచ్

లెక్కలు నేర్చే ప్రతి విద్యార్థికీ బ్రాకెట్లతో పరిచయం తప్పదు. 3కు 4 కలిపి, వచ్చిన మొత్తాన్ని 5తో హెచ్చవేయాలంటే మొదటి రెండు అంకెలనూ బ్రాకెట్లలో బంధించాలి. అది మరచితే 35 రావలసిన చోట 23 వస్తుంది. ఈ బంధనాల అవసరమే లేకుండా ఎంతటి సూత్రాన్నయినా సందేహానికి తావులేకుండా వ్రాయవచ్చునని చూపిన మేధావి పోలెండ్ దేశీయుడైన యాన్ వుకాషేవిచ్.

ఆయన 1878 డిసెంబరు 21న ల్వూవ్ నగరంలో జన్మించారు. నేడు ఉక్రెయిన్‌లో ల్వివ్ అనే పేరుతో ఉన్న ఆ నగరం అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యంలోనిది. తండ్రి ఆ సామ్రాజ్య సైన్యంలో కెప్టెన్. వుకాషేవిచ్ ల్వూవ్ విశ్వవిద్యాలయంలో ప్రసిద్ధ తత్త్వవేత్త త్వర్దోవ్‌స్కీ శిష్యులై, 1902లో డాక్టరేట్ పొందారు. 1915లో వార్సా విశ్వవిద్యాలయానికి ప్రొఫెసరుగా వెళ్ళారు. స్వతంత్ర పోలెండ్‌లో 1919లో విద్యాశాఖ మంత్రిగా, తరువాత రెండు పర్యాయాలు విశ్వవిద్యాలయ రెక్టరుగా పనిచేశారు. ఆయన, ఆయన సహచరుడు లెష్నియెవ్‌స్కీ కలిసి తీర్చిదిద్దిన వార్సా తర్కశాస్త్ర సంప్రదాయం నుండే జగద్విఖ్యాతుడైన టార్‌స్కీ వెలువడ్డారు.

ప్రతి వాక్యమూ సత్యమో అసత్యమో కావలెనన్నది ప్రాచీన సూత్రం. రేపటి సంగతిని గురించి నేడు పలికే మాటకు ఆ రెండూ చాలవని తలచి, 1920లో ఆయన మూడవ విలువను కూడా అంగీకరించే తర్కాన్ని ప్రతిపాదించారు. 1924లో ఆయనకు స్ఫురించిన మరొక ఆలోచన చూడటానికి స్వల్పమైనది. క్రియను తెలిపే గుర్తును రెండు పదాల నడుమ గాక, వాటికి ముందు వ్రాయాలి. ఆయన దానిని తర్కసూత్రాల కోసం కల్పించినా, అంకెలకూ అది వర్తిస్తుంది. పై లెక్క × + 3 4 5 అవుతుంది. బ్రాకెట్లు మాయమైనా అర్థం చెడదు.

1939 సెప్టెంబరులో జర్మన్ బాంబుల ధాటికి ఆయన ఇల్లు, గ్రంథాలయం, వ్రాతప్రతులు నాశనమయ్యాయి. ఆక్రమణకాలంలో జీవిక కోసం నగర దస్తావేజుల కార్యాలయంలో పనిచేస్తూ, రహస్యంగా నడిచిన విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1944లో భార్యతో వార్సాను వీడి, జర్మన్ తర్కవేత్త షోల్జ్ సహాయంతో మ్యూన్‌స్టర్ చేరారు. యుద్ధానంతరం కొంతకాలం బ్రస్సెల్స్‌లో గడిపాక, 1946లో ఐర్లండ్ ఆశ్రయమిచ్చింది. డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీలో ప్రొఫెసరుగా ఉంటూ, డెబ్బది ఏండ్లు దాటిన వయస్సులో, 1951లో, అరిస్టాటిల్ తర్కంపై గొప్ప గ్రంథాన్ని ప్రకటించారు. మాతృదేశాన్ని తిరిగి చూడకుండానే 1956 ఫిబ్రవరి 13న అక్కడే కన్నుమూశారు.

ఆయన పద్ధతికి యంత్రయుగంలో కొత్త జీవం వచ్చింది. 1957లో ఆస్ట్రేలియాలో చార్లెస్ హాంబ్లిన్, గుర్తును అంకెల తరువాత ఉంచితే గణనయంత్రానికి పని సులువని వివరించారు. దీనికే రివర్స్ పోలిష్ పద్ధతి అని పేరు. 1972 నాటి హెచ్‌పీ-35 చేతి కాలిక్యులేటర్ దీనినే అనుసరించింది. యూనిక్స్ కంప్యూటర్లకై బెల్ ప్రయోగశాలల్లో రాబర్ట్ మోరిస్, లోరిండా చెర్రీ రచించిన డీసీ అనే కాలిక్యులేటర్ నేటికీ ఇదే మార్గంలో నడుస్తుంది. దానిలో బొత్తాల బొమ్మలుండవు; లెక్కను ఒక వరుసగా టైపు చేయాలి. 3 4 + 5 * అని కొట్టామనుకోండి. 3, 4 ఒకదానిపై ఒకటి పళ్ళాలవలె పేరుకుంటాయి. కూడిక గుర్తు రాగానే ఆ రెండూ తొలగి 7 మిగులుతుంది. దానిపై 5 చేరుతుంది. హెచ్చవేత గుర్తయిన నక్షత్రం ఆ రెంటినీ తీసి 35ను నిలుపుతుంది. చివర పీ అనే ఆంగ్లాక్షరం కొడితే ఫలితం తెరపై కనిపిస్తుంది.

పాశ్చాత్యులకు వింతగా తోచే ఈ క్రమం మనకు సహజమే. మూడుకు నాలుగు కలిపి అయిదుతో హెచ్చవేయుమని తెలుగులో అంటాము. ఉర్దూలోనూ క్రియ వాక్యాంతంలోనే వస్తుంది.

ఆయన పేరు పలకడం పరదేశీయులకు కష్టమై కాబోలు, ఈ పద్ధతికి ఆయన దేశం పేరే స్థిరపడింది. తాను తిరిగి చేరలేకపోయిన దేశం పేరు ఆయన ఆలోచనతోపాటు లోకమంతా తిరిగింది. 2022లో ఆయన భౌతికావశేషాలు కూడా డబ్లిన్ నుండి వార్సాకు చేరాయి. ఇల్లు కూలినా, గ్రంథాలు కాలినా, స్పష్టమైన ఆలోచనకు నాశం లేదని ఆ మహనీయుని జీవితం మనకు బోధిస్తున్నది.