పల్లెకు పల్లె గురువునే ఇచ్చిన డోర్నకల్ బిషప్ అజరయ్య

డోర్నకల్ పేరు చెప్పగానే మన ప్రాంతంలో ఎవరికైనా రైల్వే జంక్షన్ గుర్తుకు వస్తుంది. సింగరేణి బొగ్గు గనుల వైపు రైలు మార్గం చీలేది అక్కడే. కాని దేశదేశాల క్రైస్తవ సంఘాల చరిత్రలో ఈ ఊరి పేరు నిలిచింది బొగ్గు వల్ల కాదు, రైలు వల్లా కాదు. ముప్పై అయిదేళ్ల వయసులో ఇక్కడికి కాపురం వచ్చి, తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లోనే జీవితం వెళ్లబుచ్చిన ఒక తమిళుడి వల్ల. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే.

బిషప్ అయిన సంగతి చాలామందికి తెలుసు. అంతకంటె పెద్ద పని ఆయన చేసింది మరొకటి ఉంది. పొలం పనికి పోయే కుటుంబాల్లో పుట్టినవారిని చేరదీసి, చదువు చెప్పి, సంఘాలను నడిపే గురువులుగా తీర్చిదిద్దారు. పల్లె జనం అయ్యగారు అని పిలిచే ఆ గురువులు సీమ దొరలే కానక్కర లేదని చేసి చూపించారు.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విళై అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం హిందూ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడై, పల్లెటూరి గురువుగా పనిచేసినవాడు. అజరయ్యకు పదిహేనేళ్లు వచ్చేసరికి తండ్రి పోయాడు. కొడుకు మిషన్ బడుల్లో చదివి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ దాకా వెళ్లాడు. లెక్కల్లో గట్టివాడే గాని డిగ్రీ పట్టా మాత్రం చేతికి రాలేదు. పట్టా లేని ఆ మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

కాలేజీ విడిచాక 1895 నుంచి వై.ఎం.సి.ఎ.లో ఉద్యోగం. దక్షిణాది అంతా తిరిగే పని. 1898లో అంబు మరియమ్మాళ్‌ను పెళ్లాడారు. ఆడపిల్లలు బడికి పోవడమే అరుదైన ఆ రోజుల్లో ఆమె కాలేజీ చదువు చదివిన మనిషి. డోర్నకల్ కథలో ఆమె పాలు తక్కువది కాదు.

జాఫ్నాలో కనువిప్పు

1902లో అజరయ్య సింహళంలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ మనుషులనే బోధకులుగా బయటి ఊళ్లకు పంపుతున్నారు. అది చూసి ఆయనకు సిగ్గనిపించింది. తిరునెల్వేలి క్రైస్తవులు సంఖ్యలో వారికంటె ఎక్కువ. అయినా ప్రతిదానికీ దొరల చెయ్యి చూసి బతుకుతున్నారు. తిరిగి వచ్చి ఊరికే కూర్చోలేదు. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. విదేశీ డబ్బు తీసుకోరాదని, విదేశీయుల పెత్తనం ఉండరాదని కట్టుబాటు చేసుకున్నారు. ఎక్కడ పనిచేయాలా అని వెతికితే నైజాం రాజ్యంలో ఖమ్మం, మానుకోట చుట్టుపక్కల ప్రాంతం కనిపించింది. ఎవరూ పట్టించుకోని చోటు. 1904లో తొలి మిషనరీగా శామ్యూల్ పాకియనాథన్ వచ్చారు. మరుసటి ఏడాది క్రిస్మస్ నాడు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో దేశమంతటికీ కలిపి నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దాని వెనకా అజరయ్యే ఉన్నారు.

ఇతరులను పొమ్మని చెబుతూ తాను మద్రాసులో ఉండడం ఆయనకు నచ్చలేదు. 1909లో మంచి ఉద్యోగం వదిలేసి, గురుత్వం పుచ్చుకుని, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు. ఉండడానికి ఇల్లు లేదు. మొదట గుడారంలోనే కాపురం. భాష రాదు, ఊళ్లు తెలియవు. ఎడ్లబండి మీద పల్లె పల్లె తిరుగుతూ తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి సంవత్సరం, 1910 జూన్‌లో, స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మంది దాకా ప్రతినిధులు వస్తే అందులో ఆసియావాసులు చాలా కొద్దిమంది. అజరయ్య వేదిక ఎక్కి దొరల ముఖం మీదే నిజం చెప్పారు. మిషనరీలు భారతీయుల కోసం త్యాగాలు చేస్తారు, దానాలు ఇస్తారు, కాని పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టరు. కావలసింది దానం కాదు, స్నేహం అన్నది ఆయన మాటల సారం. సభలో కొందరికి ఒళ్లు మండింది. తర్వాత కాలంలో ఆ మహాసభను గురించి రాసినవారిలో ఆ ప్రసంగాన్ని తలచుకోనివారు అరుదు.

రెండేళ్లకే, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టకపోతే అది జరిగేది కాదు. భారతీయుడి కింద పనిచేయడమా అని కొందరు మిషనరీలు గొణిగారు. విచిత్రమేమంటే మనవాళ్లలోనూ అడ్డుపడినవారు ఉన్నారు. నాడార్ కులంవాడికి బిషప్ పదవి ఏమిటని తిరునెల్వేలి పెద్ద కులాల క్రైస్తవులకు కష్టంగా తోచింది. అందుకే మొదట ఇచ్చిన మేత్రాసనం చాలా చిన్నది. 1920లలో కృష్ణా జిల్లా, కర్నూలు వైపు సంఘాలు కూడా కలిసి అది పెద్దదైంది. అప్పుడు ఇంగ్లీషు మిషనరీలు ఎందరో ఆయన చేతి కింద పనిచేశారు.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ విద్యార్థులే

ఆయన ఎదుట ఉన్న చిక్కు ఇది. మాలపల్లెలు, మాదిగపల్లెలు ఊళ్లకు ఊళ్లు బాప్తిస్మం అడుగుతున్నాయి. బాప్తిస్మం ఇవ్వడం ఒక పూట పని. తర్వాత వాళ్లకు అక్షరాలు ఎవరు చెబుతారు? పెళ్లిళ్లు, చావులు, తగవులు ఎవరు చూస్తారు? సీమ నుంచి గురువులను దింపితే వారి జీతాలు పల్లె భరించలేదు. పట్నం కాలేజీల్లో ఇంగ్లీషులో చదివిన మనవాళ్లను పంపితే వాళ్లు పల్లెలో నిలవరు. నిలిచినా పల్లెకు పరాయివాళ్లే.

అందుకని ఆయన దారి మార్చారు. పల్లెలో పంతులుగా కొన్నేళ్లు పనిచేసి, ఊరి మెప్పు పొందినవారిని ఏరి డోర్నకల్ పిలిపించారు. అక్కడ దైవశాస్త్ర పాఠాలు తెలుగులోనే. ఇంగ్లీషు రాకపోవడం తప్పు కాదు. విద్యార్థి ఒక్కడే రాకూడదు, భార్యతో కలిసి రావాలి. ఆయన పాఠాలు ఆయనకు, ఆమె పాఠాలు ఆమెకు. భార్య నిశాని వేస్తూ ఉంటే భర్త ఊరికి ఏమి చదువు చెబుతాడు? పైగా మగవాడు గడప దాటి లోపలికి పోలేని ఇళ్లు పల్లెలో ఎన్నో. అక్కడ మాట చెప్పవలసింది ఆమే. ఆడవాళ్ల చదువు బాధ్యతను అంబు మరియమ్మాళ్ తలకెత్తుకున్నారు.

విద్యార్థుల కాపురాలు పల్లెటూరి ఇళ్ల వంటి చిన్న ఇళ్లలోనే. చదువుతో పాటు చేతిపని కూడా ఉండేది. డోర్నకల్‌లో పొలం, వృత్తి విద్య బడి పెట్టించారు. చదువుకున్నవాడు మట్టి ముట్టకూడదన్న మన దేశపు పాత జబ్బు ఈ గురువులకు అంటకూడదని ఆయన పట్టుదల. బిషప్ గారే స్వయంగా పాఠాలు చెప్పేవారు. అశుభ్రత, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగూ పల్లెను పట్టిన దయ్యాలని, వాటిని వదిలించడం కూడా గురువు పనేనని నేర్పారు.

ఇక జీతాల మాట. సంఘం తన గురువును తానే పోషించుకోవాలన్నది పాళయంకోట నాటి సూత్రం. కూలి చేసుకునే పల్లె ఎలా పోషిస్తుంది? వంట చేసేటప్పుడు ఇల్లాలు పిడికెడు బియ్యం పక్కన పెట్టే అలవాటును ఆయన ప్రోత్సహించారు. కోతల పండుగనాడు ధాన్యం, కోళ్లు, కూరగాయలు గుడికి వచ్చేవి. ఈ అనుభవంతోనే కానుకలను గురించి ఆయన ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం రాశారు. ఆయన పోయిన తర్వాత అది వేరే దేశాల సంఘాలకూ పాఠ్యగ్రంథమైంది.

ఆరాధనలోనూ సీమ పద్ధతి ఒక్కటే పట్టుకుని వేలాడలేదు. తెలుగు కీర్తనలు, భజనలు, కథాగానాలకు చోటిచ్చారు. డోర్నకల్‌లో ఏళ్ల తరబడి కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన ఎపిఫనీ కథెడ్రల్‌ను చూస్తే ఆయన మనసు తెలుస్తుంది. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. కట్టడం క్రైస్తవ దేవాలయం.

1935 నాటికి ఆయన కింద వందకు పైగా భారతీయ గురువులు, రెండు వేల వరకు పల్లె ఉపాధ్యాయులు పనిచేస్తున్నారు. సంఘస్థుల సంఖ్య 1940ల నాటికి రెండు లక్షలు దాటింది. మాల, మాదిగ వాడల్లో వచ్చిన మార్పు చూసి వ్యవసాయ కులాలవారూ వేల సంఖ్యలో వచ్చి చేరారు.

అన్నీ చక్కగా జరిగాయని మాత్రం అనలేం. బాప్తిస్మంతో కులం పోలేదు. మాలలు, మాదిగలు ఒకే చోట కూర్చోవడానికి ఇష్టపడని సంఘాలు ఉండేవి. మా పల్లెకు ఆ పల్లె గురువు వద్దన్న తగాదాలు వచ్చేవి. ఆయన కఠినంగానే ఉన్నారు, కాని ఆయన చేతుల మీదుగా ఆ తగవు తీరలేదు. బయట మరో పేచీ. హరిజనుల మతమార్పిడులను 1930లలో గాంధీగారు గట్టిగా వ్యతిరేకించారు. వారికి సొంత బుద్ధి లేనట్టు మాట్లాడడం తగదని, మతం ఎంచుకునే హక్కు పేదవాడికీ ఉందని అజరయ్య వాదం. ఇద్దరూ ఖద్దరు, స్వావలంబన, అస్పృశ్యతా నివారణ విషయాల్లో దగ్గరివారే. ఈ ఒక్కచోట మాత్రం కలవలేదు. అలాగని అజరయ్య మతం పేరుతో రాజకీయ వాటా అడిగినవాడు కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే వద్దన్నారు.

సంఘాల మధ్య గోడలు కూడా ఆయనను బాధించాయి. పల్లెలో ఒకడు ఆంగ్లికన్, పక్క ఊరివాడు మెథడిస్టు, అవతలివాడు ఇంకొకటి. ఎవరో సీమలో వందల ఏళ్ల కిందట పడిన తగవులు తెలుగు పల్లెకు ఎందుకు? 1919లో తరంగంబాడిలో గురువులను సమావేశపరిచి ఐక్యతా ప్రకటన చేయించారు. పాతికేళ్లకు పైగా ఆ ప్రయత్నం సాగింది. ఫలితం చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది.

డోర్నకల్‌లో సాగిన గురువుల శిక్షణ ఆయనతో ఆగిపోలేదు. 1964లో అక్కడి వేదాంత కళాశాల తక్కిన సంఘాల కళాశాలలతో కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయింది. 1970లలో అది హైదరాబాద్‌కు మారింది. అజరయ్య సమాధి డోర్నకల్‌లోనే, తాను కట్టించిన దేవాలయం చెంత ఉంది.