క్లెమెన్స్ వాన్ పిర్కే

క్లెమెన్స్ వాన్ పిర్కే (మే 12, 1874 – ఫిబ్రవరి 28, 1929) ఆస్ట్రియా దేశానికి చెందిన ప్రముఖ శిశువైద్యుడు. అలర్జీ అనే పదాన్ని 1906లో వైద్యశాస్త్రంలో ప్రవేశపెట్టినవాడు ఇతడే. బడిపిల్లల భోజనాన్ని శాస్త్రీయంగా నిర్వహించడంలోనూ ఇతడు విశేష కృషి చేశాడు.

జననం, విద్య

పిర్కే వియన్నా సమీపంలోని హిర్ష్‌స్టెటెన్‌లో జన్మించాడు. మొదట మతశాస్త్రం, తత్వశాస్త్రం అభ్యసించి, పిమ్మట వైద్యవిద్యకు మారాడు. 1900లో గ్రాజ్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొంది, వియన్నాలోని పిల్లల ఆసుపత్రిలో చేరాడు.

అలర్జీ భావన

ఆ రోజుల్లో కంఠసర్పి (డిఫ్తీరియా) సోకిన పిల్లలకు గుర్రపు రక్తం నుండి తీసిన సీరం ఇచ్చేవారు. ప్రాణం కాపాడే ఆ మందు వల్లనే కొందరికి కొన్ని దినాల తరువాత జ్వరం, దద్దుర్లు, కీళ్ళనొప్పులు వచ్చేవి. రెండవసారి సీరం ఇచ్చినపుడు ఈ లక్షణాలు మరింత త్వరగా కనబడుతున్నాయని పిర్కే, అతని సహచరుడు బేలా షిక్ గమనించి, 1905లో ఒక గ్రంథం ప్రచురించారు. మొదటి పరిచయంతో శరీరం స్పందించే తీరే మారిపోతుందని పిర్కే భావించాడు. అన్యము, క్రియ అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాలను కలిపి ఆ మార్పుకు అలర్జీ అని పేరు పెట్టాడు. దీనిలో ప్రాణాంతకమైన తీవ్రరూపాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. ఆ పదాన్ని 1902లో ఫ్రెంచి శాస్త్రవేత్త చార్లెస్ రిషే ప్రవేశపెట్టాడు.

1907లో పిర్కే క్షయవ్యాధికి చర్మపరీక్షను రూపొందించాడు. 1911లో వియన్నా విశ్వవిద్యాలయ శిశువైద్యశాలకు అధిపతి అయ్యాడు.

బడిపిల్లల భోజనం

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ఆస్ట్రియాలో పిల్లలు ఆకలితో కృశించిపోయారు. 1919 నుండి అమెరికా సహాయంతో లక్షలాది పిల్లలకు జరిగిన భోజన కార్యక్రమాన్ని పిర్కే నిర్వహించాడు. ఒక గ్రాము పాల పోషకవిలువను ప్రమాణంగా తీసుకొని ఆహారాన్ని లెక్కించాడు. పిల్లల బరువును, కూర్చున్నపుడు ఉండే ఎత్తును పోల్చి, ఎవరికి ఎంత అవసరమో నిర్ణయించే పద్ధతిని ప్రవేశపెట్టాడు.

మరణం

1929 ఫిబ్రవరి 28న పిర్కే, అతని భార్య వియన్నాలో ఆత్మహత్య చేసుకొన్నారు.

నేటి ప్రాముఖ్యత

అందరికీ మేలుచేసే పదార్థమే ఒక బిడ్డకు హాని చేయవచ్చునన్న పిర్కే భావన నేటి పాఠశాలలకూ వర్తిస్తుంది. సికింద్రాబాదు ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్డు పెడతారు. ఇంటినుండి తెచ్చిన డబ్బాల్లోని ఇడ్లీ, పల్లీల చట్నీని పిల్లలు పంచుకొని తింటారు. గుడ్డు, పల్లీలు, పాలు తీవ్ర అలర్జీ కలిగించగల పదార్థాలలో ముఖ్యమైనవి. అందువలన బిడ్డకు పడని పదార్థాలను తల్లిదండ్రులు ఉపాధ్యాయులకు వ్రాతపూర్వకంగా తెలపాలి. వండేవారికి, వడ్డించేవారికి కూడా ఆ సంగతి తెలిసి ఉండాలి. ఊపిరి ఆడకపోవడం, గొంతు వాయడం, స్పృహ తప్పడం వంటి లక్షణాలు కనబడితే, వైద్యుడు ముందుగా సూచించిన ప్రకారం తొడ కండరంలో అడ్రినలిన్ సూది వెంటనే ఇచ్చి, ఆసుపత్రికి తరలించాలి.