సవర కొండలకు శిష్యుడైన గురువు: గిడుగు రామమూర్తి పంతులు

విశాఖపట్నానికి వాయవ్యంగా అరకు లోయలో మొదలుపెట్టి, ఈశాన్య దిశగా పార్వతీపురం, సీతంపేట కొండల మీదుగా పర్లాకిమిడి దాకా, అక్కడి నుండి మహేంద్రగిరి దాకా సాగిపోయే తూర్పు కనుమల శ్రేణి అనేక జాతులకు పుట్టిల్లు. కొండదొరలు, బగతలు, గదబలు, పోర్జలు, కోదులు, జాతాపులు, సవరలు ఈ మన్యంలో తరతరాలుగా జీవిస్తున్నారు. అరకు సంతలో ఒక పూట నిలబడినవాని చెవిని నాలుగైదు భాషలు సోకుతాయి. అయితే ఈ జనుల కథ రాజశాసనాలకు ఎక్కలేదు. దొరతనంవారి దస్తావేజులలో వీరి ప్రస్తావన వచ్చినా, అది ఎక్కువగా పితూరీల సందర్భంలోనో, శిస్తు బకాయిల సందర్భంలోనో వచ్చిందే. వీరి మాటను మాటగా గుర్తించి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చినవారు మైదానం నుండి వచ్చిన ఒక బడిపంతులు. వారే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా పంతులుగారు తెలుగు విద్యార్థులందరికీ పరిచితులే. వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. కాని తెలుగు కోసం వారు చేసిన పోరాటానికి బీజం సవర కొండలలో పడిందన్న సంగతిని మనం తగినంతగా గుర్తించలేదు. ఈ వ్యాసం ఆ సంగతిని వివరించే ప్రయత్నం.

పంతులుగారు 1863లో శ్రీకాకుళానికి ఉత్తరంగా, వంశధారా తీరాన ఉన్న ముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి ఉద్యోగరీత్యా విశాఖ జిల్లా చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడే విషజ్వరంతో కాలధర్మం చెందారు. అప్పటికి బాలునికి పన్నెండేళ్లు. మేనమామ ఇంట ఉండి చదువు సాగించి, 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. గురజాడ అప్పారావుగారితో వారి స్నేహం విద్యార్థి దశ నాటిదే. పై చదువులకు స్తోమత చాలక, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్ఫై రూపాయల జీతంపై చరిత్ర బోధించే ఉపాధ్యాయులుగా చేరారు. కొలువు చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు నెగ్గారు.

పర్లాకిమిడి ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన జమీందారీ పట్టణం. రాజకుటుంబం ఒరియా వారు. పట్టణంలో తెలుగువారు అధికం. ఊరి వెలుపల మన్యం. అక్కడ కొండవాలున మెట్లు మెట్లుగా పొలాలు దిద్దుకొని, పోడు కొట్టి జీవించేవారు సవరలు. పాఠశాలలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయునికి తన చుట్టూ ఉన్న నేల చరిత్రయే తెలియకపోవడం వెలితి అనిపించి ఉండాలి. ముఖలింగ దేవాలయాల గోడలపై ఉన్న శాసనాలను చదవడం కోసం పంతులుగారు గురువు లేకుండానే, పుస్తకాల సహాయంతో ప్రాచీన లిపులు నేర్చుకొన్నారు. తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరం ఈ ముఖలింగమేనని ప్రతిపాదించారు. శక సంవత్సరం 979కి, అనగా క్రీ.శ. 1057కి చెందిన వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాలను పరిష్కరించి, ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. ఒక జిల్లా ఉపాధ్యాయుడు పండిత లోకం గుర్తించే చరిత్రకారుడయ్యాడు.

అయితే రాతిపై చెక్కిన అక్షరం చదివినంత మాత్రాన నేల చరిత్ర పూర్తి కాదు. అక్షరమే లేని జనుల చరిత్ర వారి నాలుకపై ఉంటుంది. సంతకు దిగి వచ్చే సవరలకు పట్టణంలోని మాట రాదు, పట్టణవాసులకు సవరల మాట రాదు. ఈ నడిమి అగాధమే వర్తకునికి, వడ్డీవ్యాపారికి, చిరుద్యోగికి లాభసాటిగా ఉండేది. సవరలకు చదువు చెప్పాలన్న తలంపు పంతులుగారికి కలిగింది. చెప్పాలంటే ముందు వారి భాష రావాలి. ఆ భాషకు పుస్తకం లేదు. తెలుగు, సవర భాషలు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకొని, పంతులుగారు అతనికి శిష్యులయ్యారు. నూరేళ్లకు పైబడిన మాట ఇది. కులాచారాలు కట్టుదిట్టంగా ఉన్న జమీందారీ పట్టణంలో, బ్రాహ్మణ గృహస్థు ఇంట మన్యపు మాట నిత్యపాఠం కావడం సామాన్య విషయం కాదు.

సవర భాష తెలుగుకు గాని, ఒరియాకు గాని చుట్టం కాదు. అది ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది. దాని దూరపు బంధువులు బర్మా, కంబోడియా దేశాల దాకా వ్యాపించి ఉన్నాయి. గొంతులో క్షణకాలం ఊపిరి బిగబట్టి పలికే ధ్వనులు అందులో ఉన్నాయి. వాటికి మన వర్ణమాలలో గుర్తులు లేవు. పంతులుగారు ప్రతి మాటనూ చెవితో పట్టి, నోటితో పలికి, సవరల చేత సరిచూపించుకొని వ్రాసుకొన్నారు. పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు కూర్చారు. తమ సొంత డబ్బుతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించారు. ముప్ఫై రూపాయలతో కొలువు మొదలుపెట్టిన ఉపాధ్యాయునికి ఆ ఖర్చు ఎంత బరువో ఊహించవచ్చు.

డబ్బు కంటె పెద్ద మూల్యం మరొకటి చెల్లించారు. మన్యంలో తిరుగుతూ చలిజ్వరం పాలయ్యారు. దానికి ఆనాటి మందు క్వినైను. ఆ మందు వాడకం వలన క్రమంగా వారికి చెవుడు వచ్చింది. మాటలోని సూక్ష్మ ధ్వనిభేదాలను పట్టుకోవడమే వృత్తిగా పెట్టుకొన్న భాషావేత్తకు వినికిడి పోవడం కంటె క్రూరమైన నష్టం ఏముంటుంది? అయినా పని ఆగలేదు. తండ్రి చెవి మందగించిన తరువాత కుమారుడు సీతాపతిగారు ఆ పనికి చెవియై నిలిచారు. 1885లో జన్మించిన గిడుగు వేంకట సీతాపతిగారు సవరభాషా పరిశోధనలో తండ్రికి చేదోడుగా ఉండి, సవరల దేశాన్ని గురించి, వారి ఆచారాలను గురించి తామే స్వయంగా వ్యాసాలు రచించారు. అవి రాజమహేంద్రవరంలోని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో వెలువడ్డాయి. 1969లో మరణించే దాకా వారు భాషాసేవ మానలేదు. ఒక కుటుంబం రెండు తరాలపాటు మరొక జాతి మాటను తన ఇంటి ఆస్తివలె కాపాడిన ఉదంతం ఇది.

ముప్ఫై ఏళ్లకు మించిన ఈ పరిశ్రమ ఫలితంగా, పంతులుగారి సవర భాషా బోధిని 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుండి వెలువడ్డాయి. దక్షిణ భారతంలోని జాతులపై 1909లో గొప్ప సంపుటాలు ప్రకటించిన ఎడ్గార్ థర్‌స్టన్ సవరలను గురించి వ్రాసినప్పుడు పంతులుగారు సేకరించిన విషయాలను విశేషంగా వాడుకొన్నాడు. ప్రభుత్వం వారికి రావు సాహెబు బిరుదమిచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది.

ఇక తెలుగు విషయం. 1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాలలో పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్నాడు. తెలుగువారు మాట్లాడే భాష ఒకటి, బడిలో చదివే భాష మరొకటి కావడం అతనికి వింతగా తోచింది. ఆ సందేహం గురజాడవారి దాకా, పంతులుగారి దాకా వచ్చింది. పంతులుగారికి ఆ ప్రశ్నకు సమాధానం వెదకవలసిన పని లేకపోయింది. అక్షరం ఎరుగని సవరవాని మాటలో కూడా తప్పిపోని నియమాలు ఉన్నాయని, పిల్లవానికి ఇంటి భాషలో చెప్పిన చదువే ఒంటబడుతుందని వారు అప్పటికే అనుభవంతో గ్రహించి ఉన్నారు. సవరవాని మాటకు వ్యాకరణం ఉన్నప్పుడు, చదువుకొన్న తెలుగువాడు నిత్యం పలికే మాటను గ్రామ్యమని నిందించడం ఎట్లా న్యాయమవుతుంది? వ్యావహారిక వాదానికి వారు చూపిన ధైర్యం ఈ అనుభవం నుండి వచ్చినదేనని నా అభిప్రాయం.

1911లో ఉద్యోగ విరమణ చేసిన పంతులుగారు శేషజీవితమంతా ఈ వాదానికే వినియోగించారు. 1913లో ఆధునికాంధ్ర భాషను గురించి ఇంగ్లీషులో విజ్ఞాపన పత్రం ప్రకటించారు. జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులు ప్రతిపక్షంలో నిలిచారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం వెలసింది. దానికి కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులైనారు. అదే సంవత్సరం రామమూర్తిగారు ‘తెలుగు’ అనే మాసపత్రికను నడపసాగారు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో గంటల తరబడి ప్రసంగించి, పూర్వకవుల ప్రయోగాలనే తమ వాదానికి సాక్ష్యంగా చూపారు. వారు ప్రాచీన సాహిత్యానికి విరోధులు కారు. గ్రాంథికవాదులు వ్రాసే గ్రాంథికంలోనే దోషాలు ఎత్తి చూపగలిగినంతగా ఆ సాహిత్యాన్ని మథించినవారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. ఆ ప్రాంతపు తెలుగువారి పక్షాన పంతులుగారు చేసిన ప్రతిఘటన ఫలించలేదు. డెబ్బై మూడవ యేట, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఇల్లు విడిచి, రాష్ట్ర ప్రారంభోత్సవం జరిగే ఉదయమే ప్రయాణమై రాజమహేంద్రవరం చేరుకొన్నారు. ఇక్కడ ఒక విషయం ఆలోచించదగినది. ఆ సరిహద్దు తెలుగువారిని, ఒరియావారిని విభజించినట్లే సవరలను కూడా రెండు రాష్ట్రాల మధ్య విభజించింది. వారి అభిమతం ఎవరూ అడగలేదు. అదే 1936లో ఒరిస్సా వైపు సవరలలో మంగేయి గొమాంగో అనే ఆయన తమ భాషకు ప్రత్యేకంగా ఒక లిపిని కల్పించారు. పంతులుగారు ఆ భాషకు వ్యాకరణం కూర్చారు. తమ అక్షరాన్ని మాత్రం ఆ జాతి తానే దిద్దుకొంది.

1940 జనవరి 15న మద్రాసులో పత్రికా సంపాదకుల ఎదుట పంతులుగారు వాడుక భాషను గురించి చివరి విన్నపం చేశారు. సరిగ్గా వారానికి, జనవరి 22న పరమపదించారు. కాలక్రమాన మన పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పరీక్షాపత్రాలు వారు కోరిన భాషలోకే వచ్చాయి.

తెలుగు గెలిచింది. మరి సవర సంగతి? పంతులుగారు పెట్టించిన బడులు వేళ్లపై లెక్కింపదగినవి. ఆ బాట చాలాకాలం తుప్పలు మొలిచి ఉండిపోయింది. స్వాతంత్ర్యానంతరం భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతంలో కొండదొరల కూబి భాషను పరిశీలించి 1969లో గ్రంథం ప్రకటించడం ఆ బాటలో మరొక అడుగు. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించవలెనని నిర్దేశించింది. అయినా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లల ఇంటి భాషలలో పాఠ్యపుస్తకాలు చేయించి, కొన్ని బడులలో బోధన ప్రారంభించేసరికి 2004 ప్రాంతమైంది. పంతులుగారు సొంత ఖర్చుతో చేసిన పనిని అందుకొనడానికి ప్రభుత్వానికి దాదాపు ఒక శతాబ్దం పట్టిందన్నమాట.

ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలకు ఈ జీవితం దగ్గరి పాఠం. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థ నిలబడిన పునాది, సవర కొండలలో పంతులుగారు పెట్టించిన బడి నిలబడిన పునాది ఒక్కటే: ఇంటి మాటను చిన్నబుచ్చి ఇచ్చే చదువు చదువు కాదు. అయితే పంతులుగారు అక్కడితో ఆగలేదు. తమ భాషకు గౌరవం కోరక ముందే పొరుగువాని భాష ముందు శిష్యులై కూర్చున్నారు. మన భాషను గౌరవించమని లోకాన్ని అడిగే హక్కు అట్టివారికే నిండుగా ఉంటుంది. మన ఉర్దూ విద్యార్థులు తెలుగు పద్యాన్ని, తెలుగు విద్యార్థులు ఉర్దూ గజలును మూలంలోనే చదివి ఆనందించేటట్లు వారానికొక గంట కేటాయించే విషయం కళాశాల కార్యవర్గంవారు ఆలోచింపదగినది. పంతులుగారి పేరు తలచుకొనడానికి ఇంతకంటె తగిన మార్గం లేదు.