ఆచార్య మామిడిపూడి వెంకటరంగయ్యగారు

తెలుగువారిలో రాజనీతి శాస్త్రానికి వన్నె తెచ్చిన ఆచార్యులలో మామిడిపూడి వెంకటరంగయ్యగారు అగ్రగణ్యులు. ఆయన 1889లో నెల్లూరు జిల్లా పురిణి గ్రామంలో జన్మించారు. మదరాసు పచ్చయ్యప్ప కళాశాలలో చదివి, కాకినాడ, విజయనగరం కళాశాలలలో అధ్యాపకులుగా, నెల్లూరు వి.ఆర్. కళాశాలలో ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ప్రవేశించారు.

అప్పటికి జయపురం సంస్థానం, అంటే నేటి కోరాపుట్, రాయగడ ప్రాంతాలు, విశాఖపట్నం జిల్లాలోనివే. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు దానం చేసిన సంగతి ఈ ప్రాంతీయులకు తెలియనిది కాదు. ఆ విద్యాపీఠంలోనే వెంకటరంగయ్యగారు సమాఖ్య ప్రభుత్వ విధానాన్ని పరిశీలించి, 1935లో ఆంగ్లంలో ఒక గ్రంథాన్ని వెలువరించారు. అదే సంవత్సరం బ్రిటిష్ పార్లమెంటు భారత ప్రభుత్వ చట్టాన్ని ఆమోదించింది. స్వదేశ సంస్థానాలు తగినన్ని చేరకపోవడంవల్ల అందులోని సమాఖ్య కాగితంమీదనే మిగిలింది. సరిహద్దులు మాత్రం కాగితంమీద నిలిచిపోలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. జయపురం సంస్థానం అందులో చేరింది. ఇల్లు కదలకుండానే ఇక్కడి తెలుగువారికి రాజధాని మదరాసునుండి కటకానికి మారింది.

అధికారం కేంద్రానికెంత, రాష్ట్రానికెంత అనే ప్రశ్న చాలామందికి పరీక్షాపత్రంలోని ప్రశ్న. సరిహద్దు ప్రజలకు అది పిల్లలు ఏ భాషలో చదువుకోవాలన్న ప్రశ్న. అమెరికాలో రాష్ట్రపు అంగీకారం లేనిదే దాని సరిహద్దు మార్చరాదు. మన రాజ్యాంగపు మూడవ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం తెలుసుకొంటే చాలు, నిర్ణయం పార్లమెంటుదే. అందుచేత సరిహద్దుకంటె భాషాల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నడుపుకొనే హక్కునిచ్చిన 30వ అధికరణం, మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని 1956లో చేర్చిన 350-ఎ అధికరణం ఎక్కువ ఆధారం.

వెంకటరంగయ్యగారు తరువాత బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. సమాఖ్యలలోని పోటీ, సహకార ధోరణులపై 1951లో పుణె గోఖలే సంస్థలో ప్రసంగించారు. స్థానిక ప్రభుత్వాలపైన, 1952 బొంబాయి నగర ఎన్నికలపైన గ్రంథాలు రచించారు. విశ్రాంతి తీసుకోవలసిన వయస్సులో ఆంధ్ర స్వాతంత్ర్య సమర చరిత్రను నాలుగు సంపుటాలుగా ఆంగ్లంలో సంపాదకత్వం వహించి వెలువరించడం సామాన్యమైన శ్రమ కాదు. 1968లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1971లో, ఎనభై దాటిన వయస్సులో, సమాఖ్య సిద్ధాంతాలపై ఆయన మరొక గ్రంథం వెలువడింది. 1982లో ఆయన దివంగతులైనారు.