హార్వర్డ్ డిగ్రీ... పెన్సిల్ పని!

కోర్సు అయిపోయింది. బయట ఉద్యోగాల్లేవు. ఇంట్లోవాళ్లు ఏమీ అనరు, కానీ అడుగుతున్నట్టే ఉంటుంది. మీదీ ఇదే పరిస్థితా? హెన్రీ డేవిడ్ థోరో హార్వర్డ్ నుంచి బయటికొచ్చిన 1837లో అమెరికాలో బ్యాంకులు కుప్పకూలాయి. అలాంటి టైంలోనూ సొంతూరు కాంకర్డ్‌లో ఆయనకు టీచర్ ఉద్యోగం దొరికింది. చేసింది రెండు వారాలే! పిల్లల్ని కొట్టి దారిలో పెట్టమని పైవాళ్లు పట్టుబడితే మానేశారు.

తర్వాత అన్న జాన్‌తో కలిసి సొంతంగా బడి నడిపారు. జాన్ ఆరోగ్యం పాడై 1841లో అది మూతపడింది. మరుసటి ఏడాది గీసుకుంటుండగా కత్తి తెగి, ధనుర్వాతంతో జాన్ చనిపోయాడు.

ఆ కష్టకాలంలో అన్నం పెట్టింది నాన్నగారి పెన్సిళ్ల షెడ్డే. అప్పటి అమెరికన్ పెన్సిళ్లు జిడ్డుగా ఉండేవి, పుటుక్కున విరిగేవి. థోరో గ్రాఫైట్‌లో బంకమట్టి కలిపి చూశారు. పొడి మెత్తగా వచ్చేలా మిల్లును మార్చారు. మట్టి పాళ్లు మారిస్తే ముక్కు గట్టిగానో మెత్తగానో వస్తుందని పట్టుకున్నారు. థోరోల పెన్సిల్ దేశంలోనే మేలైనదన్న పేరొచ్చింది. ఆయన్ని ఫిలాసఫర్ అంటారు గానీ, బీటెక్ చదివిన నాకు ముందు కనిపించేది ఈ ఇంజినీరే.

ఫిలాసఫీ పక్కింటి పరిచయంలా వచ్చింది. అదే ఊళ్లో ఎమర్సన్ ఉండేవారు. ఆయన, మిత్రులు నడిపిన ఆలోచనా ధారే ట్రాన్సెండెంటలిజం. సత్యం తెలియడానికి చర్చి, సమాజం చెప్పేదాకా ఆగక్కర్లేదు, మనసులోకి, ప్రకృతిలోకి చూసుకో అన్నది దాని సారం. మన భగవద్గీతనూ ఇష్టంగా చదివారు వీళ్లు.

దాన్ని బతికి చూద్దామనుకున్నారు థోరో. 1845 జులై 4న వాల్డెన్ చెరువు ఒడ్డున, ఎమర్సన్ స్థలంలో, తాను కట్టుకున్న గదిలోకి మారారు. అన్నీ వదిలేసి అడవులకు పోయాడని అనుకోకండి! ఊరు కాలినడక దూరమే, ఇంటికీ వెళ్లొచ్చేవారు. గదికి అయిన ఖర్చు 28 డాలర్ల 12న్నర సెంట్లు. మేకులతో సహా లెక్క రాశారు. ఏ వస్తువుకైనా ధరంటే, దానికోసం మనం ఇచ్చే ఆయుష్షే అన్నది ఆయన లెక్క. బానిసత్వానికి, మెక్సికో యుద్ధానికి కొమ్ముకాసే ప్రభుత్వానికి పన్ను కట్టనని 1846లో ఒక రాత్రి జైల్లో ఉన్నదీ అక్కడున్నప్పుడే. దానిమీద రాసిన వ్యాసాన్ని తర్వాత గాంధీజీ చదివారు.

పేరు మాత్రం వెంటనే రాలేదు. 1849లో వేసిన తొలి పుస్తకం వెయ్యి కాపీల్లో 706 తిరిగొచ్చాయి. అచ్చు ఖర్చూ ఆయన నెత్తినే పడింది. అవన్నీ మోసుకెళ్లి గదిలో పేర్చుకున్నారు.

మరి జీతం? సర్వేయర్ పని. అడుగే లేదని ఊరంతా చెప్పుకునే వాల్డెన్ చెరువులోకి తాడు వదిలి, లోతు 102 అడుగులని తేల్చిన మనిషాయన! 1862లో, 44 ఏళ్లకే, క్షయతో పోయారు. జనం పొలాలకు, అడవులకు ఆయన గీసిచ్చిన సర్వే పటాలు కాంకర్డ్ లైబ్రరీలో ఇప్పటికీ ఉన్నాయి.