సర్ రామనాథ చోప్రా - ఓషధీ పరీక్ష

అడవిలో పశువులను కాయువారు సైతము ఓషధుల నామరూపములను ఎరుగుదురనియు, వాని ప్రయోగమును ఎరిగినవాడే తత్త్వవేత్త యనియు చరకసంహిత చెప్పుచున్నది. పరంపరాగతమైన ఆ ప్రయోగజ్ఞానమును ఆధునిక ప్రయోగశాలలో పరీక్షకు నిలిపినవారిలో అగ్రగణ్యులు సర్ రామనాథ చోప్రా.

ఆయన 1882 ఆగస్టు 17న, నేడు పాకిస్తానులోనున్న గుజ్రన్‌వాలాలో జన్మించిరి. లాహోరులో చదువుకొని, కేంబ్రిడ్జిలో వైద్యవిద్య నభ్యసించిరి. అచట ఆచార్య డిక్సన్ సన్నిధిని ఔషధగుణ పరీక్షావిధానమును నేర్చిరి. 1908లో ఇండియన్ మెడికల్ సర్వీసున ప్రవేశించిరి. 1921లో కలకత్తాలోని ఉష్ణమండల వైద్యవిద్యాలయమున ఔషధగుణశాస్త్రమునకు తొలి ఆచార్యులైరి.

ఆయన పరిశోధనకు ప్రయోజనములు మూడు: దేశమున దొరకు మూలికలతోనే ప్రమాణబద్ధములైన ఔషధములను సిద్ధపరచుట, ఆయుర్వేద, యునానీ వైద్యములలోని గుణవంతములైన మందులను పాశ్చాత్య వైద్యమునకు అందించుట, పేదలకు అల్పవ్యయమున చికిత్స కల్పించుట. పునర్నవ, అడ్డసరము, కొడిసెపాల మున్నగువానిని ఆయన, ఆయన సహచరులు పరీక్షించిరి. ద్రవ్యమును నిశ్చయించి, అందలి సారమును వేరుపరచి, జంతువులపై దాని క్రియను చూచి, పిదప రోగులయందు ఫలమును పరిశీలించుట వారి క్రమము.

చర్మరోగముల విషయమున బాకుచి, అనగా బావంచాలు, ముఖ్యోదాహరణము. అవల్గుజమను పేరుతో శాస్త్రగ్రంథములు దీనిని శ్విత్రమునకు, అనగా బొల్లికి, విధించినవి. చోప్రాగారు చటర్జీగారితో కలిసి 1927లో ఈ గింజల సారమును, దాని క్రియను, చికిత్సాఫలమును పరిశోధించి ప్రకటించిరి. మరి శ్విత్రరోగిని బలానుసారముగా ఎండలో ఉంచవలెనని చరకుడు విధించియుండెను. బావంచాలలోని సొరాలెన్ అను ద్రవ్యము సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు సోకినపుడే చర్మముపై పనిచేయునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. మోతాదు మించినచో ఎరుపెక్కి బొబ్బలు లేచును. గింజను మాత్రమే గ్రహించి విధిని విడిచినవానికి శాస్త్రార్థము సగమే దక్కునని దీనివలన స్పష్టము.

ఔషధములలోని కల్తీని విచారించుటకు 1930లో ఏర్పడిన సంఘమునకు చోప్రాగారు అధ్యక్షులు. ఆ నివేదిక 1940 నాటి ఔషధ శాసనమునకు ఆధారమైనది. 1933లో దేశీయౌషధములపై ఆయన బృహద్గ్రంథము వెలువడినది. 1946లో దేశీయ వైద్యపద్ధతులపై నియమితమైన సంఘమునకును ఆయనయే అధ్యక్షులు. ప్రాచీన, నవీన వైద్యముల సమన్వయమును ఆ సంఘము 1948లో సూచించినది. అట్టి సమన్వయమున ఆయుర్వేదము తన స్వరూపమును కోల్పోవునేమో యను శంక సంప్రదాయ వైద్యులకు కలిగినది. ఆ శంక నిరాధారము కాదు. ఒక్కొక్క ద్రవ్యమును విడదీసి చూచు పరీక్ష, అనేక ద్రవ్యముల సంయోగమును, రోగి ప్రకృతిని, కాలమును, పథ్యమును పూర్తిగా తూచజాలదు. అయినను పరీక్షను నిరాకరించుట దానికి సమాధానము కాదు. మూలిక ఏదియో నిశ్చయింపక, కల్తీని వారింపక, శాస్త్రవాక్యమును మాత్రమే వల్లించిన రోగికి మేలు కలుగదు.

పదవీ విరమణానంతరము ఆయన జమ్మూ కాశ్మీరమున ఔషధ పరిశోధనాలయమును నడపిరి. భారతీయ ఓషధుల నిఘంటువును సహరచయితలతో 1956లో వెలువరించిరి. 1973 జూన్ 13న దివంగతులైరి. ఆయన చూపిన మార్గమున, గ్రంథపాఠమును, ద్రవ్యపరీక్షను కలిపి నడపగల పండితుల కొరకు శాస్త్రము నేటికిని ఎదురుచూచుచున్నది.