ఆడవాళ్ల కోసం స్టూడియో పెట్టిన దీన్ దయాళ్

1980లలో మా దేవరాపల్లిలో మావారు ఫోటో స్టూడియో నడిపేవారు. ఇంటి వెనక చీకటిగది మాత్రం నా పెత్తనమే. పగలు వంటిల్లు, రాత్రి డెవలపరూ హైపోనూ!

ఒకసారి మా అత్తగారి పుట్టింటివాళ్ల గ్రూపు ఫోటో పెద్దది చెయ్యబోయాను. నడిమి మొహాలన్నీ చక్కగా పడ్డాయి గాని, ఎడంపక్క చివర నిలబడ్డ అత్తగారి మొహం మసకేసిపోయింది. ఆవిడకున్న చిన్ననాటి ఫోటో అదొక్కటే. నెగటివ్‌ని భూతద్దంతో చూస్తే మొహం తేటగానే ఉంది. అంటే తప్పు ఎన్‌లార్జర్‌దే.

తాపీమేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చాను. ముందు కింది బల్ల మీద, తర్వాత నెగటివ్ పెట్టే చట్రం మీద, ఆపైన లెన్సు పలకకి ఆనించి, నిలువునా అడ్డంగా పెట్టి చూశాను. చట్రం కాస్త పక్కకి వాలి ఉంది. ఈ మూడూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటేనే నాలుగు మూలలూ ఒకేసారి స్పష్టంగా వస్తాయి. మరలు వదులు చేసి, సన్నటి అట్టముక్క దూర్చి బిగించాక అత్తగారి మొహం కళకళలాడుతూ వచ్చింది. ఆవిడ ఆ ఫోటోని చాలాసేపు చేతిలోంచి దించలేదు.

రాజా దీన్ దయాళ్ గారి గురించి చదివినప్పుడల్లా నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో జైన కుటుంబంలో పుట్టారాయన. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో నక్షాలు గీసే ఉద్యోగంలో చేరారు. కెమెరా పట్టింది ఆ తర్వాతే. కోటలూ గుళ్లూ తీసేటప్పుడు కెమెరా వెనక పలక నిటారుగా లేకపోతే గోడలు వాలినట్టు పడతాయి. గీతలు గీసి అలవాటైన ఆ కంటికి ఇది వేరే చెప్పాలా!

ఆ రోజుల్లో మనలా చిన్న నెగటివ్‌ని పెద్దది చెయ్యడం తక్కువ. ఫోటో ఎంత కావాలంటే అంత గాజుపలక మోసుకెళ్లాలి. దాన్ని కాగితం మీద ఆనించి ఎండలో పెట్టి ముద్ర తీసేవారు.

1880లలో ఆయన హైదరాబాద్ చేరి ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. నిజాం ఆయనకి రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదిచ్చారు. 1897లో విక్టోరియా రాణి గుర్తింపూ దక్కింది.

ఇవన్నీ ఒక ఎత్తు, 1892లో హైదరాబాద్‌లో ఆయన తెరిచిన జనానా స్టూడియో ఒక ఎత్తు. పరదా చాటున బతికే స్త్రీలు పరాయి మగాడి ముందు కూర్చోలేరు కదా. అందుకే ఎత్తయిన గోడల మధ్య వాళ్లకోసం విడిగా స్టూడియో కట్టించి, దాని బాధ్యత శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడకి అప్పగించారు. దాంతో ఎందరో ఇల్లాళ్లకి నిశ్చింతగా ఫోటో తీయించుకునే వీలు కలిగింది. అప్పటికి అది చిన్న మాటా?

1905లో ఆయన కన్నుమూశారు. 1989లో ఆయన గాజు నెగటివ్‌లు రెండు వేల పైచిలుకు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. 2006లో ఆయన పేర తపాలా బిళ్ల కూడా వచ్చింది.

మా చీకటిగది ఇప్పుడు సామాన్లగది. అత్తగారూ లేరు, ఆ ఫోటో ఉంది. మీ ఇంట్లోనూ పెట్టె అడుగున పాత గ్రూపు ఫోటో ఉంటే ఒకసారి తీసి చూడండి. చివర నిలబడ్డ ఆవిడ ఎవరో పెద్దవాళ్లని అడిగి, వెనకాల పెన్సిల్‌తో పేరు రాసి పెట్టండి.